"చెబితే చేస్తాను కదా": ఇంటి పని కంటపడని ఒక కుర్రాడి కేసు

ఈ కేసులో మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాం, కొన్ని మార్చాం. కుర్రాడిని ఇక్కడ చిన్నా అంటాను. కోస్తాలో సగం ఇళ్లలో ఒక చిన్నా ఉంటాడు కాబట్టి ఇబ్బంది లేదు. కేసు నడిచింది బెంగళూరులో, 14 వారాలు. ఆక్యుపేషనల్ థెరపీ అనగానే పక్షవాతం వచ్చినవాళ్లకు చెయ్యి ఆడించడం నేర్పేవాళ్లమని చాలామంది అనుకుంటారు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేకపోతున్న ఎవరికైనా మా పని ఉంటుంది. ఒంట్లో ఏ లోపమూ లేని, నెల తిరిగేసరికి మంచి జీతం అందుకునే కుర్రాడికి కూడా.

నేపథ్యం

చిన్నాకి 23 ఏళ్లు. కోస్తా ఆంధ్రలో ఒక మండల కేంద్రం నుంచి వచ్చాడు. తండ్రిది చిన్న వ్యాపారం, తల్లి ఇల్లు చూసుకుంటారు. నాలుగేళ్లు చిన్నదైన చెల్లెలు చెన్నైలో డిగ్రీ చదువుతోంది. అతను ఎనిమిదో తరగతి నుంచి రెసిడెన్షియల్ స్కూల్లో, ఇంటర్ రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో, బీటెక్ నాలుగేళ్లు ఇంకో హాస్టల్లో ఉన్నాడు. బెంగళూరు వచ్చాక మొదటి ఏడాది మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్. మొత్తం పదేళ్లు మెస్ భోజనమే. తిన్న కంచం తొట్టిలో పడేస్తే అతని పని అయిపోయేది. సెలవులకు ఇంటికెళ్తే, ఉన్న పది రోజులు బిడ్డని కూర్చోబెట్టి పెట్టాలని ఏ తల్లికైనా ఉంటుంది. ఆమె అదే చేశారు.

మా దగ్గరికి వచ్చేనాటికి అతను ముగ్గురు తెలుగు కుర్రాళ్లతో కలిసి ఫ్లాట్‌లోకి మారి ఎనిమిది నెలలైంది. ఊడ్చి తుడవడానికి పనావిడ వస్తుంది. గిన్నెలు, చెత్త, సరుకులు, నీళ్ల క్యాన్లు, కరెంటు బిల్లు నలుగురూ పంచుకోవాలి.

వచ్చిన సమస్య

పంపింది ఒక జనరల్ ఫిజీషియన్. రెండు నెలల్లో మూడోసారి వాంతులు, విరేచనాలతో వెళ్లాడు. ఆ డాక్టర్ ఓపిగ్గా అడిగితే విషయం బయటపడింది. రాత్రి ఎనిమిదింటికి వండిన అన్నం కుక్కర్లోనే పొయ్యి మీద ఉండిపోతుంది, పొద్దున తొమ్మిదింటికి అదే వేడి చేసుకుని తింటాడు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా బీజాలు వంట వేడికి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే "బాగా వేడి చేశానండీ" అన్న అతని సమాధానం డాక్టర్‌కి ఊరటనివ్వలేదు. మజ్జిగ పోసి పులియబెట్టే చద్దన్నం దారి వేరు, అక్కడ పులుపు పెరిగి చాలా రకాల క్రిములను ఆపుతుంది. కుక్కర్లో మర్చిపోయిన పొడి అన్నానికి ఆ రక్షణ లేదు.

రెండో కారణం స్నేహితులు. నెలాఖరులోగా మారకపోతే వేరే ఇల్లు చూసుకోమన్నారు. బిల్లు కట్టడం అతని వంతు కాగా ఒకసారి కరెంటు తీసేశారు. నీళ్ల క్యాన్ అయిపోతే అతను వంచి, ఇంకా వంచి, చివరి గ్లాసు పట్టుకుని వెళ్లిపోతాడు. తడిచెత్త సంచి నిండి పక్కకి వాలిపోతే దాని మీదే జాగ్రత్తగా అరటితొక్క పెడతాడు. తిండి యాప్‌లకు నెలకు రూ. 11,400 అవుతోంది.

మొదటి రోజు అతను అన్న మాట ఈ కేసు మొత్తానికి తాళంచెవి అని అప్పుడు మాకు తట్టలేదు: "వాళ్లు చెబితే చేస్తాను కదా మేడమ్. ఎప్పుడైనా కాదన్నానా? చెప్పొచ్చు కదా." ఫోన్లో మాట్లాడినప్పుడు రూమ్మేట్ ఒకతను అన్నది: "చెప్పడమే మాకో పనైపోయిందండీ."

సోమరితనం అని ముద్ర వేయడం తేలిక. కానీ సోమరి సాకులు వెతుకుతాడు, వాయిదా వేస్తాడు, గొణుగుతాడు. ఇతను చెప్పిన రెండు నిమిషాల్లో లేచి చేసేస్తాడని రూమ్మేట్లే ఒప్పుకున్నారు. దిగులు, నిద్రలేమి, ఆకలి తగ్గడం లాంటివి లేవు. ఆఫీసు పని గడువులోపే ముగిస్తాడు. ఏకాగ్రత లోపం ఏమైనా ఉందేమోనని సైకాలజిస్టుతో చూపించాం, లేదన్నారు. ఈ మెట్టు దాటకుండా ఇంటిపని శిక్షణ మొదలుపెట్టకూడదు. డిప్రెషన్ ఉన్న మనిషికి గిన్నెల చార్టు ఇస్తే అది ఇంకో ఓటమి అవుతుంది.

మేము రాకముందు చేసినవి

తల్లి వచ్చి మూడు వారాలున్నారు. ఇల్లు అద్దంలా అయింది. వెళ్లేటప్పుడు కందిపొడి, కరివేపాకు పొడి, నాలుగు రకాల పచ్చళ్లు పేర్లు రాసి పెట్టి వెళ్లారు. పది రోజుల్లో ఆవకాయ జాడీలో తడి చెంచా పడి బూజు పట్టింది. ఆ తర్వాత రోజూ ఫోన్: చెత్త బయట పెట్టావా, పాలు కాచావా, గ్యాస్ కట్టావా. ఫోన్ వచ్చిన రోజు పని జరిగేది, రాని రోజు లేదు. అంటే 300 మైళ్ల దూరం నుంచి ఆ ఇంటిని ఆమె కళ్లే చూస్తున్నాయి.

వంటావిడని పెట్టుకున్నారు. ఈ ఉపాయం చాలామంది సూచిస్తారు కాబట్టి ఎందుకు ఫలించలేదో చెప్పాలి. సరుకులు చూసుకునే వారం చిన్నాది. ఆవిడ సాయంత్రం ఆరింటికి వస్తే ఇంట్లో ఉల్లిపాయలు ఉండవు. ఇంకోరోజు గ్యాస్ అయిపోయి ఉంటుంది, నిండు సిలిండర్ బుక్ చేయలేదు. మూడో వారానికి ఆవిడ మానేసింది. మనిషిని పెట్టుకున్నా, ఏం అయిపోతోందో కనిపెట్టే పని మన దగ్గరే ఉంటుంది. ఆ పని రాకపోతే వంటమనిషి జీతమూ దండగే.

మేము చేసి విఫలమైనవి

మొదటి పొరపాటు మాదే. క్లినిక్‌లో ఉన్న చిన్న వంటగదిలో అతన్ని పరీక్షించాం. టీ పెట్టమన్నాం, పెట్టాడు. ఉప్మా చేయమన్నాం, కాస్త ఉండకట్టినా చేశాడు. గిన్నెలు కడగమంటే శుభ్రంగా కడిగాడు. నైపుణ్యం ఉంది, అలవాటే లేదు అని రాసుకున్నాం. కానీ క్లినిక్ వంటగదిలో రవ్వ డబ్బా ముందే బల్ల మీద ఉంటుంది, పాలు తెచ్చి ఉంటాయి, పరీక్ష ఎప్పుడు మొదలవుతుందో మేమే చెబుతాం. అతనికి లేనిదంతా మేము సమకూర్చి, ఉన్నదాన్ని కొలిచి సంతోషించాం.

ఆ నిర్ధారణను బట్టి ఫ్రిజ్ మీద 11 పనుల చార్టు అంటించి, ఫోన్లో అలారాలు పెట్టించాం. మొదటి వారం 9 పనులు అయ్యాయి. మూడో వారం 2. కారణం వెతికితే తేలిందేమిటంటే అలారం గడియారాన్ని బట్టి మోగుతుంది, ఇంటిపని మాత్రం వస్తువు స్థితిని బట్టి పుడుతుంది. చెత్తబుట్ట ఏడింటికి నిండాలని రూలు లేదు. ఏడింటికి అతను మీటింగ్‌లో ఉంటాడు, అలారాన్ని వేలితో తోసేస్తాడు. పైగా తల్లి ఫోన్‌కి బదులు అలారం వచ్చింది, అంతే. చెప్పేవాళ్లు మారారు, చెప్పించుకోవడం మారలేదు.

నాలుగో వారం వంట వైపు మళ్లాం. సొంతంగా ఒక భోజనం వండుకుంటే పట్టుదల వస్తుందనుకున్నాం. సోనామసూరి ఒక గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, మూడు విజిల్స్. కందిపప్పుకు మూడింతల నీళ్లు, నాలుగు విజిల్స్. ఆ ఆదివారం ఫ్లాట్‌లో అన్నం కుదిరింది. పప్పు మాత్రం ఏడు విజిల్స్ వచ్చినా గింజ గింజగా ఉండిపోయింది. "నాకు చేతకాదు" అన్నాడు. చేతకానితనమేమీ లేదు. వాళ్ల వంటింటి కుళాయిలో వచ్చేది బోరు నీళ్లు. ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టేసి మెత్తబడనివ్వవు. దానికితోడు వాళ్లమ్మ ఫోన్లో చెప్పిన లెక్క ప్రకారం చింతపండు కూడా కుక్కర్లోనే వేశాడు. పులుపు పడ్డాక పప్పు ఇంకా మొండికేస్తుంది. ఊళ్లో మంచినీళ్ల కుళాయి కింద నడిచిన లెక్క ఇక్కడ నడవదు. క్యాన్ నీళ్లలో అరగంట నానబెట్టి, అవే నీళ్లతో ఉడికించి, పులుపు తర్వాత కలపమంటే మరుసటి వారం నాలుగు విజిల్స్‌కే వెన్నలా ఉడికింది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉండటంతో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో పప్పు పెట్టేవాళ్లకు ఇదొక అదనపు ఆలస్యం. కుక్కర్లో ఈ తేడా పెద్దగా తెలియదు.

పప్పు ఉడికింది కానీ కేసు కదల్లేదు. వండాడు, తిన్నాడు, కుక్కర్ అలాగే వదిలేసి వెళ్లి పడుకున్నాడు.

మలుపు

ఆరో వారం ఇంటికి వెళ్లి చూడాలని నిర్ణయించాం. ఇది మొదటి వారమే చేయాల్సింది. అనుకోకుండా ఆ శనివారం చెల్లెలు చెన్నై నుంచి వచ్చి ఉంది.

ఆ అమ్మాయి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చింది. గ్లాసు పట్టుకుని, క్యాన్ మీద ఒకసారి అరచేత్తో తట్టి చూసింది. సింక్ పక్కన స్పాంజి తీసి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, చెత్తలో పారేసింది. ఉల్లిపాయల బుట్టలో చెయ్యి పెట్టి పైవి పక్కకు జరిపి, అడుగున మెత్తబడిన రెండింటిని బయటకు తీసింది. తర్వాత వంగి సింక్ కింద పైపు చుట్టూ రెండు వేళ్లు తిప్పి, తడిని బొటనవేలితో రుద్ది చూసుకుని, "అన్నయ్యా, వాషర్ పోయింది. ఎన్నాళ్లనుంచి కారుతోంది?" అంది. ఇంతా కలిపి మూడు నిమిషాలు. నీళ్లు ఇంకా తాగనేలేదు.

చిన్నా అక్కడే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు. ఉల్లిపాయలు కుళ్లాయని నీకెలా తెలిసిందని అడిగితే, "వాసనొస్తోంది కదా" అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ఆ సాయంత్రం తల్లితో ఫోన్లో వివరంగా మాట్లాడాం. చెల్లెలికి ఏడేళ్లప్పుడు సాయంత్రం దేవుడి దగ్గర దీపం కుందె తోమి వత్తి వేయడం. తొమ్మిదేళ్లకి పాల లెక్క, కాగిన పాలు చల్లారాక తోడు వేయడం. పన్నెండేళ్లకి కూరగాయల బండి దగ్గర బేరం. తోడు వేయడం చూడటానికి చిన్న పనే. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడాలి, చలికాలమైతే తోడు కాస్త ఎక్కువ వేయాలి, రేపటి తోడుకు ఇవాళే ఒక చెంచా పెరుగు దాచాలి. దాచడం మర్చిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్లాలి. పదేళ్ల పిల్లకి ఇంతకంటే మంచి పాఠం ఎవరూ తయారు చేయలేరు. మరి అబ్బాయికి? "వాడికి చదువు తప్ప వేరే పని చెప్పలేదండీ. అమ్మాయంటే ఆడపిల్ల కదా, రేపు ఇంకో ఇంటికి వెళ్లాల్సింది, నేర్చుకోవాలి కదండీ" అన్నారు ఆమె. ఒకే ఇల్లు, ఒకే తల్లి. కొడుకును గారాబం చేశామనుకున్నారు, కూతురికి కష్టం ఇచ్చామనుకున్నారు. ఇరవై ఏళ్లొచ్చేసరికి ఎవరికి ఏం మిగిలిందో ఆ ఉల్లిపాయల బుట్ట దగ్గర తేలింది.

అక్కడి నుంచి కేసును కొత్తగా రాసుకున్నాం. ప్రతి ఇంటిపనికీ మూడు ముక్కలుంటాయి: పని ఉందని కనిపెట్టడం, చేయడం, ఆఖరి ముడి వేయడం. నడిమి ముక్క యూట్యూబ్ చూసి వారంలో నేర్చుకోవచ్చు. చిన్నాకి అది ఉండనే ఉంది. మొదటిది, చివరిది మామూలుగా ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో అదే పని తన నెత్తిన ఉంటే తప్ప రావు. హాస్టల్ వ్యవస్థ ఆ రెండింటినీ పిల్లల దగ్గరనుంచి పూర్తిగా తీసేస్తుంది.

ఫలించినది

మొదట కొలత. గదిగదికీ నెమ్మదిగా తిరుగుతూ, చేయాల్సినది ఏం కనబడుతోందో చెప్పమన్నాం. ఏ వస్తువునీ మేము చూపించం. 20 నిమిషాల్లో చిన్నా 2 చెప్పాడు. అదే నడకలో ఒక రూమ్మేట్ 11 చెప్పాడు. ఇక అలారాలన్నీ తీసేయించాం, చార్టు చించేశాం.

తర్వాత, ఒకే ఒక్క పని ఎంచుకోవాలి. బట్టలు అనుకున్నాం, ఉతకకపోయినా వారం వరకు బాధ తెలియదు, ఫలితం ఆలస్యమైతే కన్ను నేర్చుకోదు. వంట అనుకున్నాం, మెట్లు నలభై దాకా ఉంటాయి, ఎక్కడ తప్పిందో తెలియదు. మరుసటి పొద్దున తన కళ్లకే, తన ముక్కుకే ఫలితం తెలియాలి. పావుగంటలో ముగియాలి. పైగా అతన్ని ఆసుపత్రికి పంపిన అన్నం సంగతి కూడా అందులో ఉండాలి. ఈ మూడూ కలిసేది రాత్రి వంటిల్లు సర్దడం.

దాన్ని ఎనిమిది మెట్లుగా విడదీశాం. మిగిలిన అన్నం, కూర వెడల్పు గిన్నెల్లోకి తీసి, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టడం. లోతైన కుక్కర్‌తో సహా పెడితే మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, అందుకే వెడల్పు గిన్నె. కంచాల్లో మిగిలింది తడిచెత్తలోకి దులపడం. అడుగంటిన కుక్కర్‌లో నీళ్లు పోసి పక్కన పెట్టడం. గ్లాసులు, కంచాలు, చివర నూనె జిడ్డువి, ఈ వరసలో తోమడం. వరస తప్పితే స్పాంజికి పట్టిన జిడ్డు గ్లాసులకెక్కుతుంది, బోరు నీళ్లలో సబ్బు నురగ కూడా సరిగా రాదు, రెండుసార్లు తోమాలి. సింక్ జల్లెడ ఎత్తి దులపడం. పొయ్యి, గట్టు తుడవడం. రెగ్యులేటర్ కట్టేయడం. గుడ్డ ఉతికి, పిండి, విప్పి ఆరేయడం.

నేర్పింది వెనక నుంచి ముందుకు. మా వృత్తిలో దీన్ని బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారు. మొదటి ఏడు మెట్లు రూమ్మేట్ చేస్తాడు, చిన్నా గుడ్డ పిండి ఆరేసి లైటు ఆర్పుతాడు. నాలుగు రోజుల తర్వాత రెగ్యులేటర్ కూడా అతనిదే. ఇంకో నాలుగు రోజులకు గట్టు. ఎందుకిలా అంటే, ముందు నుంచి నేర్పితే నేర్చుకునేవాడు సగంలో ఆగిపోతాడు, అయిపోయిన పని రుచి అతనికి దొరకదు. వెనక నుంచి అయితే మొదటి రోజునుంచే ముగించినవాడు అతనే అవుతాడు. ఆరిన గట్టు చూసి వెళ్లి పడుకుంటాడు. చిన్నాకి పొద్దున లేచి ఆ గట్టు మీద చెయ్యి వేసి చూసుకోవడం అలవాటైంది. మేము చెప్పింది కాదది. ఆ సంగతి రూమ్మేట్ చెప్పిన రోజు ఈ దారి సరైనదేనని నమ్మకం కుదిరింది.

ఇది సాగాలంటే రూమ్మేట్ల సహకారం కావాలి. ఒకతను నెల రోజులు మెట్లు పంచుకోవడానికి ఒప్పుకున్నాడు, బదులుగా చిన్నా అతని బైక్ సర్వీసింగ్ తిప్పలు తీసుకున్నాడు. ఇంకో షరతు కష్టమైనది: ఎవరూ గుర్తు చేయకూడదు, ఎవరూ అతని వంతు పని చేసేయకూడదు. రెండో వారం ఒక రాత్రి గుడ్డ ముద్దగా వదిలేశాడు. ఎవరూ మాట్లాడలేదు. పొద్దున దాని కంపు అతనే కనిపెట్టాడు. ప్రోగ్రాములో ఆ కంపుకి మేమిచ్చిన విలువ ఏ మందలింపుకూ ఇవ్వలేదు. గ్యాస్ విషయంలో మాత్రం ఈ మౌనం పనికిరాదు. రెగ్యులేటర్ వదిలేస్తే ఎవరైనా కట్టేసి అప్పుడే చెప్పాలి.

కన్ను పెంచడానికి మాటల బదులు గుర్తులు వాడాం. బియ్యం డబ్బాకు అడుగునుంచి నాలుగు వేళ్ల ఎత్తున రంగు టేపు, బియ్యం ఆ గీతకు దిగితే తెప్పించాలి. నీళ్లకు రెండు క్యాన్ల పద్ధతి: ఆఖరి నిండు క్యాన్ ఎత్తి పెట్టిన చేత్తోనే తర్వాతదానికి ఫోన్. 14.2 కిలోల సిలిండర్‌లో గ్యాస్ ఎంతుందో చూడటానికి తడిగుడ్డతో నిలువుగా తుడిచి రెండు నిమిషాలు ఆగాలి. ద్రవం ఉన్న మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, గీత కనబడుతుంది. చెత్తకు తడి, పొడి వేరు బుట్టలు. ఈ ఊళ్లో కలిపి ఇస్తే చెత్త తీసుకెళ్లే పౌరకార్మికులు "హసి కస బేరే, ఒణ కస బేరే" (తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు) అని కన్నడంలో చెప్పి వెనక్కిచ్చేస్తారు, ఆ మాటే అతనికి మంచి గుర్తు. మూడు వారాల తర్వాత టేపులు ఒక్కొక్కటీ పీకేశాం. ఈ పీకేయడం మర్చిపోతే టేపు కూడా ఇంకో అలారం అయిపోతుంది.

తల్లితో ఒప్పందం

పనుల కంటే ఇదే ఎక్కువ సమయం తీసుకుంది. తొమ్మిదిన్నరకు ఫోన్ చేయండి, ఏ పనీ గుర్తు చేయకండి అన్నాం. "మరి నేనేం మాట్లాడాలి?" అని అడిగారు ఆమె. వెటకారంగా అన్న మాట కాదది. ఇన్నేళ్లూ కొడుకు మీద ప్రేమకు ఆమె దగ్గరున్న భాష అదే: తిన్నావా, పెట్టావా, కట్టావా. దాన్ని లాక్కుని ఊరుకుంటే ఆమె నిలబడలేరు, రెండో రోజే మళ్లీ మొదలవుతుంది. అందుకని ప్రశ్న మార్చాం: "ఇవాళ ఇంట్లో ఏం కనిపెట్టావు చిన్నా?" మొదట్లో అతని దగ్గర జవాబు లేదు. పదో రోజు, "ఫ్రిజ్ రబ్బరు అతుక్కోవట్లేదమ్మా, పైన సందు ఉంది" అన్నాడట. ఆ రాత్రి ఆమె మాకే ఫోన్ చేశారు.

జారిన చోట్లు

పదో వారం ఆఫీసులో రిలీజ్ పని వచ్చి ఐదు రోజులు అన్నీ ఆగిపోయాయి. మళ్లీ మొదటి నుంచి కాకుండా ఆఖరి రెండు మెట్లతో, గుడ్డ, రెగ్యులేటర్, మొదలుపెట్టమన్నాం. మూడు రోజుల్లో ఎనిమిదికీ చేరాడు. ఒత్తిడి వారంలో ఏది వదిలేయొచ్చో, ఏది కూడదో కూడా రాసుకున్నాం. గిన్నెలు ఆగొచ్చు. అన్నం ఫ్రిజ్‌లోకి పోవడం, గ్యాస్ కట్టడం ఆగకూడదు.

14వ వారం నడకలో 8 చెప్పాడు. తిండి యాప్‌ల ఖర్చు రూ. 4,200కు వచ్చింది. ఎనిమిదో వారం తర్వాత కడుపు సమస్య రాలేదు. కరెంటు బిల్లు మూడు నెలలూ గడువులోపే కట్టాడు. స్నేహితులు ఇల్లు మారమన్న మాట మళ్లీ ఎత్తలేదు. బాత్రూమ్ మాత్రం అతని కంటికి ఇప్పటికీ ఆనడం లేదు. బకెట్ చుట్టూ తెల్లగా పేరుకున్న ఉప్పుపొరను చూపించినా, "అది బకెట్ రంగు కాదా మేడమ్" అన్నాడు. వంటింట్లో వచ్చిన కన్ను పక్క గదిలోకి దానంతటదే రాదు. ఒక పని నేర్పితే అన్నీ వస్తాయని మేము పెట్టుకున్న ఆశ సగమే నిజమైంది.

నేర్చుకున్నవి

క్లినిక్ వంటగదిలో పరీక్ష ఇప్పుడు రెండోదే. మొదటి చూపు వాళ్ల ఇంట్లోనే, ఏమీ సర్దకుండా, వస్తువులు ముందు పెట్టకుండా. వెళ్లే వీలు లేకపోతే వీడియో కాల్‌లో ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి ఇల్లంతా తిప్పమంటాం. కెమెరా ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆగకుండా జారిపోతుందో చూస్తే సగం కేసు తెలిసిపోతుంది.

తల్లిదండ్రులకు ఈ కేసు తర్వాత మేము చెప్పే తీరు మారింది. పిల్లలకు పనులు చెప్పండి అనడం మానేశాం. చెప్పి చేయించే పనితో చిన్నా లాంటివాళ్లే తయారవుతారు. "ఆ సీసాలో నీళ్లు పట్టు" అంటే పిల్లవాడు నీళ్లు పడతాడు. "ఫ్రిజ్‌లో చల్లటి నీళ్లు నీ పూచీ" అంటే సీసా ఖాళీ అవడం కూడా వాడే చూడాలి. రెండో మాట అన్నాక పెద్దవాళ్లు చేయాల్సిన కష్టమైన పని ఒకటుంది: ఎండాకాలం మధ్యాహ్నం తలుపు తీస్తే చల్లటి నీళ్లు లేకపోయినా, తాము పట్టకుండా, గోరువెచ్చటివే తాగి ఊరుకోవడం.

నాలుగైదేళ్ల పిల్లలకు భోజనాల ముందు కంచాలు, గ్లాసులు లెక్కపెట్టి వేయడం. ఏడెనిమిదేళ్లకు తులసి కోటకో రెండు కుండీలకో నీళ్లు. వాడిపోతే కనబడుతుంది, పోస్తే లేస్తుంది. పదేళ్లకు సొంత టిఫిన్ బాక్సు తోమి ఆరబెట్టడం. మూత రబ్బరు తీసి కడగకపోతే సోమవారం వాసన వస్తుంది, రానివ్వాలి. పన్నెండు దాటాక పెద్దవాళ్లు పక్కన ఉండగా కుక్కర్ పెట్టడం: గ్యాస్కెట్ కూర్చుందా, వెయిట్ పెట్టే ముందు ఆవిరి గొట్టంలోంచి ఆవిరి సూటిగా వస్తోందా చూసుకోవడం. పదిహేనేళ్లకు నెల సరుకుల చీటీ రాయడం. అంటే డబ్బాలన్నీ తెరిచి, చెయ్యి పెట్టి చూసి రాయడం, తల్లి చెబుతుంటే రాసుకోవడం కాదు. హాస్టల్లో ఉన్న పిల్లలకైతే సెలవుల పది రోజుల్లో ఒక్క పని చాలు. పాలో, చెత్తో, దేవుడి గది దీపమో. పదకొండో రోజు వాళ్లు బస్సెక్కాక ఆ పని ఆగిపోయి ఇంట్లో వెలితి తెలియాలి, అంత పూర్తిగా వాళ్లదై ఉండాలి.

ఆడపిల్లకిచ్చి మగపిల్లవాడికివ్వకపోవడం గురించి మేము ఉపన్యాసం చెప్పం, ఫలించదు. ఉల్లిపాయల బుట్ట సంగతి చెబుతాం.

చిన్నాతో ఇప్పుడు నెలకోసారి మాత్రమే మాట్లాడుతున్నాం. వచ్చే విడత బట్టలు. దాన్నీ వెనక నుంచే మొదలుపెడుతున్నాం. ఆరిన బట్టలు తీసి మడతపెట్టి అలమారలో పెట్టడం అతనిది, ఉతకడం ప్రస్తుతానికి మెషీన్ వేసే రూమ్మేట్‌ది. మొదటి వారంలోనే ఒక చొక్కాకి గుండీ ఊడబోతోందని తనే కనిపెట్టి, సూది దారం ఎక్కడ దొరుకుతాయని చెల్లెలికి మెసేజ్ పెట్టాడు.